ఒడ్డు వచ్చేదాకా పాట

మా రేడియో చరిత్ర మీద ఒక సినిమా తీశారు. పెద్ద సినిమా ఏమీ కాదు, వార్షికోత్సవం రోజున తెర మీద వేసుకునే బుల్లి సినిమా. గచ్చిబౌలిలో, చేతులు చంకల్లో దాచుకోవాల్సినంత ఏసీ పెట్టిన ఒక హాల్లో మమ్మల్ని కూర్చోబెట్టి చూపించారు. మొదట డ్రోన్ పైనుంచి అద్దాల మేడలు, ఆ తర్వాత మెరిసిపోయే స్టూడియో, హెడ్‌ఫోన్లు తగిలించుకుని నవ్వుతున్న ఒక అమ్మాయి. ఆ అమ్మాయి ఎవరో మాలో ఎవరికీ తెలియదు. వెనక నుంచి ఒక గంభీరమైన గొంతు, మాయమైపోతున్న పల్లె పాటకు ప్రాణం పోయాలన్న తమ సంస్థ ఆలోచనలోంచే ఈ రేడియో పుట్టిందని చెప్పింది. నా పక్కన మా పెద్దమ్మ కొత్త చీర కట్టుకుని, తానెప్పుడు కనబడతానా అని మెడ చాచి చూస్తోంది. సినిమా అయిపోయింది. ఒకే ఒక్క చోట ఆమె చేతులు కనబడ్డాయి. మొహం లేదు.

నాకు ఒళ్ళు మండింది. లేచి నిలబడి ఇది అబద్ధం అన్నాను. హాలంతా నావైపు తిరిగింది. ఎవరో మర్యాదస్తుడు పరుగున వచ్చి, టీ టైమ్‌లో మాట్లాడుకుందాం మేడమ్ అని బతిమాలి కూర్చోబెట్టాడు. టీ టైమ్‌లో టీ ఇచ్చారు, మాట మాత్రం ఎత్తలేదు. సరే, అప్పుడంటే కూర్చున్నాను. ఇప్పుడు రాస్తున్నాను, కూర్చోబెట్టేవాళ్ళు ఎవరూ లేరు. ఆ రేడియో ఎక్కడ పుట్టిందో, ఎవరు పెంచారో, అందులో పాటకు ఏం జరగబోయిందో నేను చెబుతాను.

మాది గచ్చిబౌలికీ తెల్లాపూర్‌కీ మధ్యనున్న ఊరు. ఊరు అంటే ఇప్పుడు నవ్వుతారు. మా ఊరి పేరు బస్టాపు బోర్డు మీద ఉంది, క్యాబ్ బుక్ చేస్తే ఫోన్‌లో వస్తుంది, అపార్టుమెంట్ల ప్రకటనల్లో ఇంగ్లీషు మాటల మధ్య ఇరుక్కుని కనబడుతుంది. మనుషులం కూడా ఇంకా ఉన్నాం. చదువు అయ్యాక నేను ఒక పెద్ద ఆఫీసులో, ముందు బల్ల దగ్గర కూర్చుని వచ్చేపోయేవాళ్ళకు దారి చెప్పే ఉద్యోగంలో చేరాను. నా పనికి అక్కడ ఎవరూ వంక పెట్టలేదు, నా మాటకు పెట్టారు. "ఏంది" అనకూడదట, "వస్తరా" అనకూడదట. ఇంగ్లీషు తడబడినా ఫరవాలేదు కానీ ఈ తెలుగు మాత్రం వద్దట. దాన్ని మెత్తబరచడానికి నన్ను ఒక శిక్షణకు కూడా పంపారు. మా తాత జొన్నలు పండించిన నేల మీద నిలబడి నేను నా మాట మాట్లాడకూడదా? ఒకరోజు మెడలోంచి ఐడీ కార్డు తీసి బల్ల మీద పెట్టి వచ్చేశాను. మా అమ్మ నెల రోజులు నాతో మాట్లాడలేదు, అది వేరే సంగతి.

అప్పుడే సారు పరిచయమయ్యారు. చందానగర్‌లో కిరాయికి ఉండే రిటైరైన లెక్చరరు. ఆయనకు పాటల పిచ్చి. ఎక్కడ పెళ్ళి జరిగినా, ఎక్కడ బోనాలైనా, పిలవకపోయినా వెళ్ళి ఆడవాళ్ళు పాడుతుంటే రికార్డరు పట్టుకుని పక్కన నిలబడేవారు. వెనక నవ్వుకునేవాళ్ళు నవ్వుకునేవారు. చిన్న రేడియో మనమే పెట్టుకోవచ్చనీ, దానికి కోట్ల కంపెనీ కానక్కరలేదనీ, ఊరి ఆడవాళ్ళ సంఘం చాలనీ ఆయనే కనుక్కొచ్చారు. లైసెన్సు కోసం చెప్పులరిగేలా తిరిగారు. వచ్చింది, మా మహిళా సంఘం పేరు మీదే వచ్చింది. సంఘం బిల్డింగు పై గదిలో పెట్టాం. బయటి చప్పుడు లోపలికి రాకుండా గోడలకు వేయాల్సిన సరుకు కొనే స్తోమత లేక, ఇళ్ళలోంచి పాత బొంతలు తెచ్చి మేకులు కొట్టి వేలాడదీశాం. ఎండాకాలం ఆ గదిలో ఆవిరికుడుముల్లా ఉడికిపోయేవాళ్ళం. గాలిలోకి పోయిన మా రేడియో అటు చందానగర్ బజారు దాకా, ఇటు స్టేడియం దాకా వినబడేది. ఆపైన గరగర.

సారు పెట్టిన నియమం ఒక్కటే. సినిమా పాట వేయకూడదు. అవి వేయడానికి లోకంలో ఉన్న రేడియోలన్నీ ఉన్నాయి కదా, మనమెందుకు అనేవారు. నాట్ల పాట, కలుపు పాట, పెళ్ళిలో వియ్యపురాలిని ఆడిపోసుకునే పాట, ఇవే వేయాలి. అది కూడా పాత రికార్డులు తెచ్చి తిప్పడం కాదు, పాడేవాళ్ళే వచ్చి గదిలో పాడాలి.

పాడేవాళ్ళంటే ముందు మా పెద్దమ్మే. నాకు సొంత పెద్దమ్మ కాదు, ఊరందరికీ పెద్దమ్మే. పొలాలున్న రోజుల్లో నాట్లకు ఆడవాళ్ళ గుంపును వెంటేసుకుపోయేది. వరుసగా వంగి నాటేసే ఆ బారును మా దగ్గర మునుం అంటారు. మునుంలో పాట ఎత్తేది ఆమె, మిగతావాళ్ళు అందుకునేవాళ్ళు. భూములు పోయాక తెల్లాపూర్‌లో పెద్ద గేటున్న ఒక కాలనీలో ఊడ్చే పనికి కుదిరింది. మహా గర్వం మనిషి, నోరు కూడా పెద్దదే. ఏ మేడను చూపించినా అది నేను నాటేసిన మడే అనేది. సగం సార్లు అది తప్పు. అక్కడ మడి కాదు, రాళ్ళగుట్ట ఉండేదని నాకు తెలుసు. ఆ మాట పైకి అన్నానా, ఇక నా పని అయిపోయినట్టే.

మొదటి రోజు సారు ఆమెతో పాటు నలుగురైదుగురు ఆడవాళ్ళను పిలిపించారు. ప్లాస్టిక్ కుర్చీలు వేసి, మైకు ముందు పెట్టి, ఇక పాడండమ్మా అన్నారు. ఒక్కరికి నోరు పెగల్లేదు. పెద్దమ్మ గొంతు సవరించుకుంది. ఒక చరణం వచ్చింది, రెండోది రాలేదు. మైకు బాగలేదంది. సారు మైకు మార్చారు. అప్పుడూ రాలేదు. ఊరందరి ముందు గొప్పలు చెప్పుకుని వచ్చిందేమో, సిగ్గుతో మొహం కందగడ్డ అయింది. చివరికి కుర్చీని కాలితో వెనక్కి నెట్టి లేచింది.

"ఇట్ల కూసొని ఎవలన్న పాడుతరా? చేతులు ఖాళీగుంటె పాట ఏడికెళ్లి వస్తది?"

నేను కిందికి ఉరికి, కూరగాయల బండి మీద తోటకూర కట్టలు కొనుక్కొచ్చాను. కట్టను ఎడమ చేతిలో పట్టుకుని నడుం వంచారో లేదో, పాట వచ్చేసింది. అడుగు వెనక్కి వేస్తూ, లేని బురదలో లేని నారు పెడుతూ, ఒకరి గొంతు ఇంకొకరు అందుకున్నారు. సారు కళ్ళు తుడుచుకునే పనిలో పడి మీటలు చూసుకోవడం మరిచిపోయారు.

చిక్కల్లా ఆ పాట ఆగకపోవడం. నాటేసేవాళ్ళు వెనక్కి నడుస్తారు కదా. గోడకు వీపు తగిలితే తిరిగి అటు, మళ్ళీ గోడ తగిలితే ఇటు. తెలిసిన చరణాలు అయిపోతే పెద్దమ్మ కొత్తవి కట్టడం మొదలుపెట్టింది. మేడలొచ్చాయి, ఆఫీసు బస్సులొచ్చాయి, లిఫ్టు వచ్చింది, నేను ఉద్యోగం వదిలేసిన ముచ్చట కూడా వచ్చింది. సారు చేతులు ఊపుతున్నారు, ఎవరైనా తలెత్తితేనా? ఆఖరికి నేనే పోయి పెద్దమ్మ వెనక నిలబడ్డాను. ఆమె మడమ నా పాదానికి తగిలింది. తగిలిన మరుక్షణం పాట దానంతటదే ముగిసింది, అందరూ నడుం ఎత్తారు. అసలు ఈ పాట ఎప్పుడు అయిపోతుందమ్మా అని సారు అడిగితే, పెద్దమ్మ ఈయనకేమైనా పిచ్చా అన్నట్టు చూసి, ఒడ్డు వస్తే అయిపోతది అంది. మడికి ఒడ్డు ఉంటుంది. మడమకు అది తగిలితే మునుం అయిపోయినట్టు, మునుం అయిపోతే పాట అయిపోయినట్టు. మా గదికి గోడలున్నాయి కానీ ఒడ్డు లేదు.

ఆ రోజు నుంచి నేను ఒడ్డునయ్యాను. పొద్దున గంటసేపు వచ్చే కార్యక్రమానికి ముందుమాట చెప్పేదీ నేనే, పాట నడుస్తుంటే వాళ్ళ వెనకవెనక నడిచేదీ నేనే. నేను కదులుతున్నంతసేపు పాట ఉంటుంది, నిలబడితే ముగుస్తుంది. వాళ్ళ ఊపిరి చూసి, పెద్దమ్మకు ఇంకో చరణం తోస్తోందో లేదో చూసి నిలబడాలి. ఒకరోజు చిన్నది, ఒకరోజు పెద్దది. తొందరపడి నిలబడ్డానా, కార్యక్రమం అయ్యాక తిట్లు. గంత జల్ది ఏంది పోరి, ఇంక శాన మడి ఉండె అనేది. రేడియోలో ఇలాంటి ఉద్యోగం ఇంకెక్కడా ఉండదని సారు అందరికీ చెప్పి మురిసిపోయేవారు. నేను కూడా మురిసిపోయేదాన్ని, ఏం, మురిసిపోకూడదా?

వినేవాళ్ళు ఎవరంటే, పొద్దున డ్యూటీ మారే గార్డులు, ఇళ్ళల్లో పనికి పోయే ఆడవాళ్ళు, కూలి కోసం అడ్డా మీద నిలబడేవాళ్ళు, క్యాబులు నడిపేవాళ్ళు. పాలమూరు నుంచి, మెదక్ నుంచి, నల్లగొండ నుంచి ఇక్కడికి బతకడానికి వచ్చినవాళ్ళు. బటన్ ఫోన్‌లో ఉండే రేడియో చాలు, డేటా అక్కరలేదు. ఫోన్ చేసి బాగుంది అని చెప్పేవాళ్ళు తక్కువ, తగవు పెట్టుకునేవాళ్ళు ఎక్కువ. మా దిక్కు ఈ పాటలో ఇంకో చరణం ఉంది, మీరు తప్పు పాడుతున్నారని. పెద్దమ్మ వాళ్ళమీద అంతెత్తున లేచేది, మరునాడు అదే చరణం పుట్టినప్పటి నుంచీ తనదే అన్నట్టు పాడేది. ఒకసారి కోస్తా నుంచి వచ్చిన ఒక సాఫ్ట్‌వేర్ అమ్మాయి ఆఫీసు బస్సులోంచి ఫోన్ చేసి, సగమే అర్థమవుతోందండి, అయినా ఏడుపొస్తోందండి అంది. పెద్దమ్మకు చెబితే, సగానికే గిట్ల అయితే మొత్తం సమజైతే ఆ పిల్ల ఏం గావాలె అని ఫికర్ పడింది.

ప్రకటనలు కూడా వచ్చాయి, పోయాయి. ప్లాట్లు అమ్మే ఒకాయన పాట ముందు తన విల్లాల గురించి చెప్పమన్నాడు. చెప్పాను. వెంటనే పాట ఎత్తిన పెద్దమ్మకు ఆయన పేరు చెవిన పడగానే, ఆయన నాయన ఒకప్పుడు పెద్దమ్మవాళ్ళ ఒడ్డు జరిపి మడి కలుపుకున్న కథంతా చరణాలు చరణాలుగా వచ్చేసింది. ఆయన మరి కనబడలేదు. కరెంటు బిల్లు కట్టడానికి సంఘంలో మళ్ళీ చందాలు వేసుకున్నాం. కానీ ఆ రోజు పాట గురించి చందానగర్ బజారులో వారం రోజులు చెప్పుకున్నారు. అందులో ఒక ముక్క నాకు ఇప్పటికీ నోట్లో ఆడుతుంటుంది.

మడులన్ని మాసిపాయె, మేడలు మొలిచిపాయె,
నారెవలు పోసిరే నాతోటి చెల్లెలా.

తర్వాత సారు మోకాళ్ళు మొరాయించాయి. మెట్లెక్కలేక ఇంటి నుంచే వినేవారు, కార్యక్రమం అయిన వెంటనే ఫోన్ చేసేవారు. అదే రోజుల్లో ఒక కంపెనీవాళ్ళు వచ్చారు. సమాజ సేవ కింద మీ రేడియోకు అండగా ఉంటామన్నారు. గచ్చిబౌలిలో తమ ఆవరణలోనే, కింది అంతస్తులో, గాజు గోడల స్టూడియో కట్టిస్తామన్నారు. సంఘం ఒప్పుకుంది, నేనూ ఒప్పుకున్నాను. ఉడికి ఉడికి చచ్చాం, చల్లటి గది వద్దనడానికి మాకేం పుట్టింది? పెద్దమ్మకైతే అక్కడి టీ మిషను తెగ నచ్చింది. వచ్చిన ప్రతిసారీ కప్పు నింపుకుని, చక్కెర తక్కువైందని తిట్టుకుంటూ ఇంకో కప్పు నింపుకునేది.

గదితో పాటు ఒక మేనేజరును కూడా ఇచ్చారు. గోదావరి వైపు నుంచి వచ్చినాయన, వయసు చిన్నదే. ఏమాటకామాటే చెప్పుకోవాలి, మంచివాడు. గొంతు పెంచడు, అందరినీ అండి అంటాడు, పెద్దమ్మ వస్తే లేచి నిలబడతాడు. అదే నాకు చిక్కు. చెడ్డవాడైతే నాలుగు దులిపేసి పోయేదాన్ని. కొన్నాళ్ళకు నన్ను పిలిచి ల్యాప్‌టాప్ తిప్పి ఏవో గీతలు చూపించాడు. కొత్తగా పెట్టిన యాప్‌లో మన పాట వింటున్నవాళ్ళు మూడు నిమిషాలు దాటితే ఉండటం లేదని, పాటలన్నీ ఆలోపు ముగించాలని పైనుంచి చెప్పారని అన్నాడు. మావాళ్ళు యాప్‌లో వినరు, ఫోన్‌లో రేడియో పెట్టుకుని వింటారని చెప్పాను.

"వాళ్ళు లెక్కలోకి రారండి. అంటే, తప్పుగా అనుకోకండి మేడమ్, లెక్కలో కనబడరని నా ఉద్దేశం."

"కనబడకపోతే లేనట్టా?" అన్నాను.

ఆయన ల్యాప్‌టాప్ తనవైపు తిప్పుకుని మరో మాట చాలా మెత్తగా అన్నాడు. మీరు ఎక్కడ నిలబడితే పాట అక్కడ ఆగిపోతుంది కదండీ, మూడో నిమిషానికి నిలబడండి చాలు, ఎవరికీ నొప్పి ఉండదు అన్నాడు. పాట గొంతు పిసకాలి, అదీ నా చేత్తోనే పిసికించాలి. ఎంత తెలివి. ఆలోచిస్తానని చెప్పి నెలల తరబడి నాన్చాను. ఆ లోపల వార్షికోత్సవం వచ్చింది, ఆ సినిమా వేశారు, నేను నిలబడి అబద్ధం అన్నాను. ఇక పైవాళ్ళకు ఓపిక పోయినట్టుంది. వచ్చే సోమవారం నుంచి మూడు నిమిషాలు ఖాయమన్నారు. నేను నిలబడకపోతే మేనేజరే మీట కిందికి లాగి గొంతు తగ్గించేస్తాడు. అదీ కుదరకపోతే ఆ గంట మానేసి, శిక్షణ పొందిన గాయనీమణులతో గిటార్ పెట్టి పాడించిన పల్లె పాటలు వేస్తారు.

తెల్లాపూర్ పోయి పెద్దమ్మకు చెప్పాను. మధ్యాహ్నం ఎండలో ఆ కాలనీ రోడ్డు ఊడుస్తోంది. వింటూనే ఊడ్చింది. కుక్కను తిప్పుతున్న ఒకావిడ ఆమె ఊడ్చిన చోటి మీదుగానే నడిచిపోయింది. అప్పుడు చీపురు ఆపి అంది.

"ఇగ చూడు బిడ్డా. ఈ చీపురు పడితె నన్ను ఎవలన్న చూస్తరా? కాళ్లు సుత పక్కకు తియ్యరు. ఆ గంటసేపే నేను మునుం పెద్దను. దాన్ని ముక్కలు చేస్తె నాకేం మిగులుతది?"

ఆమె కళ్ళలో నీళ్ళు చూడటం నాకు అదే మొదటిసారి. భయమేసింది. ఎవరినైనా తిడుతుందనుకున్నాను, నన్నైనా తిడుతుందనుకున్నాను. తిట్టలేదు. సోమవారం నువ్వు నిలబడతవా అని మాత్రం అడిగింది. నిలబడనన్నాను. మీట లాగితే ఏం చేస్తామో నాకూ తెలియదు, ఆమెకూ తెలియదు. సారుకు ఫోన్ చేస్తే, మీరు ఏది చేసినా నేను వింటూ ఉంటానన్నారు. ఆయన ఇవ్వగలిగింది అంతే, అది నాకు చాలింది.

గెలిచారా ఓడారా అని అడిగేవాళ్ళ కోసం ముందే చెప్పేస్తాను. గాజు గది పోయింది, కంపెనీ సాయం పోయింది, పెద్దమ్మ టీ మిషను పోయింది. లైసెన్సు సంఘానిది కాబట్టి రేడియో మాతోనే వచ్చేసింది. పొద్దుటి గంట చెక్కుచెదరకుండా ఉంది, ఇవాళ కూడా పాడారు. ఆ సినిమాను వాళ్ళు ఇప్పటికీ ఎక్కడెక్కడో చూపించుకుంటున్నారట. చూపించుకోనీ. అందులో ఆ సోమవారం పొద్దున లేదు. ఉండదు కూడా. అందుకే అది నేను చెప్పాలి.

ఆ గాజు గదిలో తీగ లేని మైకులు ఉండేవి. పెద్దమ్మ పైట అంచుకు ఒకటి తగిలించాను. ముందుమాట చెప్పాను. తోటకూర కట్టలు పట్టుకుని ఆడవాళ్ళు వంగారు. పాట మొదలైంది, నేను వెనక నడవడం మొదలుపెట్టాను. గాజు అవతల మేనేజరు మీట మీద చెయ్యి వేసుకుని గడియారం చూస్తున్నాడు. కాసేపటికి నావైపు చూసి అరచెయ్యి ఎత్తాడు, ఇక నిలబడండి అని. పెద్దమ్మ అప్పుడే మంచి పట్టులో ఉంది, ఆ పొద్దున రోడ్డు మీద చూసిందంతా చరణంలోకి లాక్కొస్తోంది. నా వీపుకు గది తలుపు తగిలింది. గోడైతే తిరగాలి. తలుపుకు తిరగడమెందుకు? వీపుతోనే నెట్టి, అడుగు వెనక్కి వేసి, బయటికి నడిచాను. నా వెనకే, అంటే నా ముందే, మునుం మొత్తం వీపులు నావైపు పెట్టి వరండాలోకి వచ్చేసింది.

అక్కడే ఆ మంచివాడు తప్పు చేశాడు. చేతిలో ఉన్న మీటను కిందికి లాగితే అయిపోయేది. మనుషులు గదిలోంచి వెళ్ళిపోతుంటే చూసి కంగారుపడి, మీట వదిలేసి మమ్మల్ని ఆపడానికి బయటికి ఉరికాడు. మీట పైనే ఉండిపోయింది. పాట గాలిలోకి పోతూనే ఉంది.

వరండా పొడుగాటిది, అద్దంలా తుడిచి పెట్టింది. హౌస్‌కీపింగ్ ఆడవాళ్ళు అప్పుడే మాపులతో తుడుస్తున్నారు. తుడిచేవాళ్ళు కూడా వెనక్కే నడుస్తారు, తుడిచిన చోట అడుగు పడకూడదు కదా. ఆ సంగతి నాకు ఆ క్షణం దాకా తట్టనే లేదు. పాట దగ్గరికి రాగానే వాళ్ళలో ఒకామె మాపు వదలకుండానే మునుం చివర కలిసింది, ఆ తర్వాత ఇంకొకామె. ఎవరూ ఎవరినీ పిలవలేదు. అందుకోవాల్సిన చోట పాట అందుకున్నారు, అంతే. మెడలో కార్డులున్న ఆఫీసు పిల్లలు కాఫీ కప్పులతో గోడలకు అతుక్కుని దారిచ్చారు. కొందరు ఫోన్లు తీసి పట్టుకున్నారు. నవ్వినవాళ్ళు ఉన్నారు, నేను చూశాను. నవ్వితే నవ్వారు.

మేనేజరు ఇంకో వైపు నుంచి తిరిగొచ్చి, వరండా చివర పెద్ద తలుపుకు ముందు రెండు చేతులూ చాచి నిలబడ్డాడు. నేను పక్కకు తప్పుకున్నాను. పెద్దమ్మ వెనక్కి చూడలేదు కదా, ఆమె మడమ ఆయన బూటుకు తగిలింది. పాట ముగిసింది. అందరూ నడుం ఎత్తారు. ఆయన హమ్మయ్య అనుకుని ఉంటాడు.

పొలాల రోజుల్లో మునుం ఒడ్డుకు చేరేసరికి ఎవరైనా ఆ ఒడ్డు మీద నిలబడి ఉంటే, ఆసామి కానీ దారిన పోయేవాడు కానీ, వాళ్ళ కాళ్ళ ముందు నారు కట్ట పెట్టి ఇనాం అడిగేవాళ్ళు. ఇవ్వందే అడుగు వేయనిచ్చేవాళ్ళు కాదు. పెద్దమ్మ తిరిగి ఆయన్ని ఎగాదిగా చూసి, వంగి, తోటకూర కట్టను ఆయన నల్ల బూట్ల ముందు పెట్టింది. ఇనాం ఇయ్యి అంది. ఆయనకు విషయం అర్థమైంది, వాళ్ళ దగ్గర కూడా ఇలాంటిదేదో ఉండి ఉంటుంది. సిగ్గుపడుతూ జేబులో చెయ్యి పెట్టాడు.

"పైసలొద్దు బిడ్డా. మా పాట కొయ్యనని మాటియ్యి."

ఆయన చెయ్యి జేబులోనే ఉండిపోయింది. అంతమంది చూస్తున్నారు, మైకు కూడా వింటోంది. అబద్ధం చెప్పి తప్పించుకోవచ్చు. చెప్పలేదు.

"అది నా చేతుల్లో లేదు మామ్మగారూ. పైవాళ్ళు ఏం చెబితే నేను అది చేయాలండి."

పెద్దమ్మ ఆయన్ని కాసేపు చూసింది. కోపంగా కాదు. ఇంత మంచి పిల్లగాడు ఇక్కడెందుకు నిలబడ్డాడా అన్నట్టు చూసింది. వంగి తన కట్ట తాను తీసుకుంది.

"నీ చేతిల లేకపోతె నువ్వు ఒడ్డువి కాదు. జర జరుగు."

ఆయన జరిగాడు. గార్డు తలుపు రెండు రెక్కలూ తెరిచి పట్టుకున్నాడు. నేను పోయి మళ్ళీ పెద్దమ్మ వెనక చేరాను, ఆమె నడుం వంచి ఆగిన చోటు నుంచే పాట ఎత్తింది. బయట ఎండ వచ్చేసింది, ఆఫీసు బస్సులు వరుసగా వచ్చి ఆగుతున్నాయి, వాటి అవతల రోడ్డు. నేను ఎక్కడా నిలబడలేదు.